ఒత్తులున్న పేరు

ఏప్రిల్ మూడో వారానికంతా
బాలాజీ కాలనీలో నా జిరాక్సు షాపు నిండా
సమ్మర్ క్యాంపులే.
ఈత, స్కేటింగు, కరాటే, అబాకస్,
ముప్పై రోజుల్లో ఇంగ్లీషు, ఇరవై రోజుల్లో రోబో.
'ఇప్పుడే చేరండి'లో సున్న ఎగిరిపోతే
తెచ్చిపెట్టేది నేనే.
ఊళ్ళో పిల్లల సెలవులన్నీ
నా మిషన్లోంచి వేడివేడిగా బయటికొస్తాయి.

మావాడి సెలవులు మాత్రం
ఇంకా తెల్లకాగితమే.

వాడి పేరు ప్రద్యుమ్న.
పెట్టింది నేనే.
మూడక్షరాలు, మూడింటికీ ఒత్తులు,
బారసాల కార్డు మీద ఎంత నిండుగా కూర్చుందో!
ఆ మూడే వాడి నోట్లో
మూడు స్పీడు బ్రేకర్లవుతాయని అప్పుడేం తెలుసు.
"ప్ప్..." అని వాడు మొదలుపెడతాడు,
వాళ్ళమ్మ, నేను, ఆటో అతను, పక్కింటి మునెమ్మవ్వ,
ఎవరు ముందైతే వాళ్ళు పూర్తి చేసేస్తాం.
సాయమనుకున్నాం ఇన్నాళ్ళూ.

ఒకాయన వచ్చినాడు, ఆ ఎండలో మెడకు టై.
'స్టేజి భయం పదిహేను రోజుల్లో మాయం',
రెండువేల కాపీలు, గ్లాసీ పేపరు.
అడ్వాన్సు లెక్కపెట్టుకుంటా మెల్లిగా అడిగినా,
మా పిల్లోడికి మాట కొంచెం...
నన్నే పూర్తి చేయనీలా ఆయన.
"తెచ్చి మా చేతుల్లో పెట్టండి సార్,
మిగతాది మైకు చూసుకుంటుంది."

ఫారం ఇచ్చినాడు.
'పిల్లవాడి బలహీనతలు', కింద మూడు గీతలు.
ఆ ఫారం నేను కొట్టిందే,
ఆ గీతలు నేను గీసినవే.
నింపబోతే చెయ్యాడలా.

అయినా తీసుకుపోయినా.
ఫంక్షన్ హాలు, ఏసీ, బెలూన్లు.
వరసగా నిలబెట్టి పేర్లు చెప్పమన్నారు.
ఇంకా నలుగురు ఉండంగానే
చెమట పట్టిన చిన్న చెయ్యి
నా ప్యాంటు జేబులో దూరింది.
బయటికొచ్చి చెరుకురసం తాగినాం.
వాడేం అనలా. నేనూ ఏం అనలా.

ఆ సాయంత్రం వచ్చింది రెజీనా మేడం,
కొర్లగుంటలో రిటైరైన క్రాఫ్టు టీచరు.
యాభై కాపీలు చాలంది. నలుపు తెలుపు. చేతిరాత.
'సైకిలు విప్పడము, బిగించడము నేర్పబడును.
పాత బట్టలతో రావలెను.'
నేర్పబడును ఏంది మేడం, అని నవ్వినా.
ఆమె నన్ను పట్టించుకోలా.
కౌంటరు కింద స్టేప్లరు విప్పుతా ఉన్నవాణ్ణి అడిగింది:
"నీ పేరేంది నాయనా?"

"ప్ప్..."
నా నోరు తెరుచుకుంది.
ఆమె వేలు లేచింది నా వైపు,
చూపు మాత్రం వాడి మీదే.
"ప్ప్ర..."
లీలామహల్ వైపు బస్సు హారను కొట్టుకుంటా పోయింది.
మిషను పదకొండు కాగితాలు కక్కింది.
"ద్యు..."
ఆమె ముఖంలో తొందర లేదు, జాలి కూడా లేదు.
పాలు పొంగేదాకా పొయ్యికాడ నిలబడినట్టు
ఊరికే నిలబడింది.
"...మ్న."
"మంచిది. స్పానరు ఎప్పుడన్నా పట్టినావా?"

నేను వెతికిందంతా
ఫీజెంత, టైమెంత, సర్టిఫికెట్టు ఇస్తారా అని.
మా పిల్లోడి కోసం ఎంతసేపు ఆగుతారు
అనే గడి
ఇన్నేళ్ళలో ఏ ఫారంలోనూ నేను కొట్టలా.

తొమ్మిది రోజులైంది.
గోళ్ళ నిండా గ్రీజు. రెండు తువ్వాళ్ళు పాడు.
ఒకరోజు ఫ్రీవీలు గుండ్లు కాలవలో పోగొట్టి
ఏడ్చుకుంటా వచ్చినాడు.
నత్తి పోలా. పోతుందని ఆమె చెప్పనూ లేదు.

నిన్న మధ్యాహ్నం కరెంటు పోయినప్పుడు
చైను ఎందుకు జారుతుందో మొదలుపెట్టినాడు.
ఆధార్ కాపీకొచ్చిన పెద్దాయన మాట అందించబోయినాడు.
ఈసారి నా వేలు లేచింది.
కరెంటొచ్చింది. వాడింకా చెప్తానే ఉన్నాడు.
మిషను ఆన్ చేయలా.

టై ఆయన మళ్ళీ ఆర్డరిచ్చినాడు, ఇంకో రెండువేలు.
బలహీనతల కింద
మూడు గీతల్లో రెండు తీసేసినా.
ప్రూఫు చూసి సంతకం పెట్టినాడు,
కనిపెట్టలా.